నాలుగో గది వారు ఇచ్చిన కార్డు

ప్రశ్న: మా తాతగారు 1930లలో వాల్తేరులో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక బోర్డింగు బంగళాలో బట్లరుగా పనిచేశారు. ఎండాకాలంలో దొరలు, పూజా సెలవులకి కలకత్తా కుటుంబాలు వచ్చి దిగేవారట. ఈమధ్య చినవాల్తేరులో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఆయన ట్రంకు పెట్టె దొరికింది. అందులో 60 దాకా బొమ్మ పోస్టుకార్డులు, రైలు సామాన్ల చీటీలు, బిల్లులు, ఒక లావుపాటి పద్దుల పుస్తకం ఉన్నాయి. పాత వస్తువులు కొనే ఒకాయన కార్డులకి మాత్రం 30 వేలు ఇస్తానన్నారు. వెనక ఉన్న పెన్సిలు రాతలు చెరిపి ఇస్తే ఇంకో 5 వేలు వేస్తారట. పద్దుల పుస్తకం, చీటీలు చెత్త అన్నారు. మావారు ఇచ్చేయమంటున్నారు. మా అబ్బాయి లామినేషన్ చేయించి దాచుకుందాం అంటున్నాడు. నాకేమో అమ్మబుద్ధి కావడం లేదు. పైగా ఇలాంటివే ఇంకా పోగుచెయ్యాలని ఉంది. వీటి వయసు ఎలా తెలుస్తుంది? ఎలా దాచాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ రోజులు తెలిసినవాళ్లలో భీమిలిలో ఉన్న మా మేనత్తగారు ఒక్కరే మిగిలారు, ఆవిడకి తొంభై ఏళ్లు. కొన్నిటి ఫొటోలు పంపుతున్నాను.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు ఒక్క మాట. లామినేషన్‌కి ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వొద్దు. వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితం పోగుల్లోకి దిగిపోతుంది, తర్వాత దాన్ని విడదీయబోతే కాగితమే ఊడి వస్తుంది. అబ్బాయి దాచుకోవాలనే అన్నాడు, ఆ ఆలోచన మంచిదే. దారి మాత్రం అది కాదు. రెండో మాట, ఆ పెన్సిలు రాతల జోలికి రబ్బరు రానివ్వకండి. ఎందుకో చెబుతాను.

మీరు పంపిన మొదటి ఫొటో చాలాసేపు చూశాను. డాల్ఫిన్స్ నోస్ కొండ, ముందు ఇసుక మీదికి లాగిపెట్టిన రెండు తెప్పలు, పైమూల ఆకాశం కాస్త పసుపెక్కింది. డబ్బు పెట్టి వెతికితే ఇలాంటి బొమ్మ ఇంకొకటి దొరుకుతుంది. వెనక్కి తిప్పితే స్టాంపు లేదు, చిరునామా లేదు. అడుగున వాలుగా, చిన్న అక్షరాలతో ‘4 గది వారు యిచ్చినది’ అని ఉంది. ‘ఇచ్చినది’ కాదు, ‘యిచ్చినది’. ఆనాటి వాళ్ల రాత అలాగే ఉండేది. రెండో ఫొటోలో పద్దుల పుస్తకం, 1938 అక్టోబరు పేజీ. పాలు, ఐసు, కోడిపిల్లలు రెండు, చాకలి లెక్క. వాటి కింద ‘4 గది, కలకత్తా ప్లీడరు గారు, 19 రోజులు’ అని ఉంది.

ఆ కార్డునీ ఆ పేజీనీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఆ కార్డు మీ తాతగారి చేతికి పూజా సెలవుల్లో, 19 రోజులు ఉండి వెళ్లిన ఒక ప్లీడరు గారి దగ్గర్నుంచి వచ్చి ఉంటుంది. పుస్తకం అంతా తిరగేసి 4వ గదిలో ఇంకా ఎవరెవరు దిగారో చూస్తే ఆ సంగతి తేలిపోతుంది. రబ్బరుతో రుద్దితే అది మళ్లీ ఎక్కడా దొరకని సంగతి. కార్డులు ఒకరికి, పుస్తకం చిత్తుకాగితాల బండికి వెళ్లిపోయాయంటే రెండిట్లో ఏదీ ఈ మాట చెప్పలేదు. అందుకే నా సలహా: అమ్మినా, దాచినా, ఎవరికైనా ఇచ్చినా పెట్టెలో ఉన్నదంతా ఒక్కచోటే ఉండాలి. దాన్ని విడగొట్టకండి.

ఆ కొనే ఆయన మోసం చేశారని అనను. కార్డుకి గిరాకీ ఉంది, పద్దుకి లేదు, ఆయన లెక్క అది. కానీ వాల్తేరు లాంటి గాలిమార్పు ఊరి విషయంలో ఒక చిక్కు ఉంది. అక్కడ కొన్న కార్డు అక్కడ ఉండదు. వచ్చినవాళ్లు కొని, రాసి, ఇంటికి పోస్టు చేస్తారు. అది కలకత్తాలోనో, మద్రాసులోనో, ఇంగ్లండులోనో ఎవరి సొరుగులోనో చేరుతుంది. బస బిల్లు కూడా జేబులో పెట్టుకుని వెళ్లిపోతారు. అందుకే వాల్తేరు బొమ్మలు విశాఖలో కంటే బయటి ఊళ్లలోనే ఎక్కువగా కనిపిస్తాయి. ఇక్కడ మిగిలేది వాళ్లకి నీళ్లు తోడిన, వంట చేసిన, బట్టలు ఉతికిన వాళ్ల కాగితం. పాలవాడి పద్దు, చాకలి పద్దు, జీతం రసీదు, దొరసాని రాసిచ్చిన మంచి నడవడి చీటీ. దాన్నెవరూ దాచరు. తూకానికి వేసేస్తారు. మీ తాతగారు దాచారు. నా దృష్టిలో ఆ పెట్టెలో అన్నిటికంటే విలువైనది ఆ ‘చెత్త’ పుస్తకమే.

మూడో ఫొటో సంగతి మీరు గమనించారో లేదో. పుస్తకంలో ఆఖరి పద్దు 1942 ఏప్రిల్ 5వ తేదీది. గుడ్లు 3 డజన్లు, మైదా, కిస్‌మిస్, వెన్న. ఆ రోజు ఈస్టరు ఆదివారం, కేకుల సరుకు అది. ఆ తర్వాతి పేజీలన్నీ ఖాళీ అని మీరు రాశారు. మర్నాడు, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖ హార్బరు మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీదా పడ్డాయి. ఊళ్లో జనం పిల్లాపాపలతో పల్లెలకి తరలిపోయారు. మీ తాతగారు కలం ఎందుకు ఆపారో ఆ పుస్తకం తనంతట తాను చెప్పదు, కానీ ఆ తేదీల పక్కన ఖాళీ పేజీ చూస్తే నాకు ఒళ్లు జలదరించింది. ఆనాటి బాంబుల కథ ఎన్నో చోట్ల చదువుతాం. ముందు రోజు ఒక వంటింట్లో కేకుకి కిస్‌మిస్ తెచ్చిన లెక్క ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

ఇక వయసు కట్టడం గురించి. తేదీ లేని కాగితానికి కూడా పేర్లు, గుర్తులు, డబ్బు లెక్కలు సాక్ష్యం చెబుతాయి. మన ఊరికి రైలు సామాన్ల చీటీలు బాగా పనికొస్తాయి. వాల్తేరు అప్పట్లో రెండు కంపెనీల రైళ్లు కలిసే స్టేషను. తీరం వెంట వేసిన ఈస్ట్ కోస్ట్ లైను 1890లలో తయారైంది. 1901లో దక్షిణం భాగం మద్రాస్ రైల్వేకి, 1902లో ఉత్తరం భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకి వెళ్లాయి. కలకత్తా వాళ్లకి పూరీ, గోపాల్‌పూర్‌ల లాగే వాల్తేరూ దగ్గరైంది ఈ లైను వల్లే. చీటీ మీద ‘బి.ఎన్.ఆర్.’ అని ఉంటే 1902కీ 1952కీ మధ్యది. ‘ఎం.ఎస్.ఎం.’ అని ఉంటే 1908కీ 1951కీ మధ్యది, ఎందుకంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే ఏర్పడింది 1908లో, సదరన్ రైల్వేలో కలిసింది 1951లో. ‘సౌత్ ఈస్టర్న్’ అని ఉంటే 1955 ఆగస్టు తర్వాతది. స్టేషను పేరు ‘వాల్తేరు’ అని ఉన్నంత మాత్రాన మరీ పాతది అనుకోవద్దు. స్టేషనుకి విశాఖపట్నం అని పేరు మారింది 1987లోనే.

బిల్లుల మీద ‘రూ. 2-6-0’ అని మూడు అంకెలు ఉంటే రూపాయలు, అణాలు, పైలు (పై అంటే అణాలో పన్నెండో వంతు). అది 1957 ఏప్రిల్ 1కి ముందు లెక్క. ‘నయా పైసలు’ అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. ఊరి పేరు ఇంగ్లీషులో ‘వైజాగపటం’ అని, భీమిలిది ‘బిమ్లిపటం’ అని ఉంటే సాధారణంగా పాత రోజులవి. కానీ పాత రబ్బరు స్టాంపులు పారేయకుండా ఏళ్లతరబడి వాడేవాళ్లు కాబట్టి ఈ ఒక్క గుర్తు మీదే తేల్చేయకండి. కార్డు వెనకభాగం మొత్తం చిరునామాకే వదిలి, బొమ్మ పక్కన ఖాళీలో ఇరికించి రాసి ఉంటే అది తొలినాళ్లది. వెనక మధ్యలో నిలువుగీత బ్రిటన్‌లో 1902లో వచ్చింది, మన దగ్గర ఆ తర్వాత కొద్ది ఏళ్లకి అదే పద్ధతి పడింది. మీ కార్డుల్లో కొన్నిటి మీద మద్రాసు కంపెనీల పేర్లు కనిపిస్తున్నాయి. హిగిన్‌బాతమ్స్ వాళ్లు పుస్తకాలతో పాటు బొమ్మ కార్డులు కూడా వేయించేవారు.

నకిలీల భయం ఉంటే ఒక చిన్న పరీక్ష. కిరాణా కొట్టులో నోట్లు చూసే ఊదా లైటు ఉంటుంది కదా, చీకటి గదిలో దాని కింద కార్డు పెట్టండి. సుమారు 1950 తర్వాతి నుంచి కాగితం తెల్లగా కనిపించడానికి కలిపే రసాయనం ఆ లైటుకి నీలంగా మెరుస్తుంది. పాత కాగితం మసకగా ఉండిపోతుంది. 1920ల కార్డు అని చెప్పింది ట్యూబులైటులా మెరిసిందంటే అది తర్వాత అచ్చువేసినదే. మీ పెట్టెలోవాటికి ఈ పరీక్ష అక్కర్లేదు, ముందు ముందు కొనబోయేవాటికి పనికొస్తుంది.

దాచడం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మన ఊళ్లో కాగితానికి శత్రువులు ఎక్కువ. ఉప్పుగాలి, చెమ్మ, చెదలు, సిల్వర్ ఫిష్ పురుగులు, ఏడాదికో తుఫాను. ట్రంకు పెట్టెని జ్ఞాపకంగా ఉంచుకోండి కానీ కాగితాలు అందులో ఉంచకండి. ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు మరక కాగితం మీద పడితే వదలదు. గుండుసూదులు, పిన్నులు, రబ్బరు బ్యాండ్లు ఉంటే మెల్లిగా తీసేయండి. తీసేముందు ఏ కాగితం దేనితో కలిపి ఉందో ఫొటో తీసుకోండి, ఆ కట్ట కూడా ఒక సమాచారమే. ఒక్కో కార్డుని పాలీప్రొపిలీన్ లేక పాలియెస్టర్ కవరులో పెట్టండి. అల్బంలలో మెత్తగా, వాసన వచ్చే పీవీసీ కవర్లుంటాయి, అవి వద్దు. పద్దుల పుస్తకాన్ని యాసిడ్ లేని కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టి ఉంచండి. ఆ పెట్టెని లోపలి గది బీరువాలో మధ్య అరలో పెట్టాలి. వాన కొట్టే బయటి గోడకి ఆనుకుని, నేలమీద, అటక మీద వద్దు. చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో నెలకోసారి మార్చండి. వేపాకు వెయ్యాలనుకుంటే బాగా ఎండబెట్టి గుడ్డసంచీలో కట్టి మూలన పెట్టండి, కాగితానికి తగిలితే మరక పడుతుంది. చెమ్మ పట్టిందని ఎండలో ఆరబెట్టే అలవాటు మనకి ఉంది. కాగితం ఎండకి పెళుసెక్కి, సిరా వెలిసిపోతుంది. నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరనివ్వండి. చిరిగినచోట సెల్లో టేపు వెయ్యకండి. కొన్నేళ్లకి టేపు ఊడిపోయి జిగురు మాత్రం గోధుమరంగు మరకగా మిగులుతుంది.

నేను నేర్చుకున్నది పోగొట్టుకుని నేర్చుకున్నాను. పాతికేళ్ల కిందట నా దగ్గర భీమిలి లైట్‌హౌస్ కార్డు ఒకటి ఉండేది, వెనక నాలుగు వరుసల ఉత్తరం. ఫ్రేము కట్టించమని ఒక కొట్టులో ఇచ్చాను. వాళ్లు బంకరాసి అట్టకి అతికించేశారు. ముందు చెప్పకపోవడం నా తప్పే. ఆ నాలుగు వరుసలూ ఎదురుగా గోడ మీదే ఉన్నాయి, నేను చదవలేను. తర్వాత 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దం పగిలి రెండు ఫైళ్లు తడిసిపోయాయి. తడిసిన కాగితాన్ని డీప్ ఫ్రీజర్లో పెడితే బూజు పట్టకుండా ఆగుతుందని చదివాను, నిజమే, కానీ ఊరంతా రోజుల తరబడి కరెంటు లేదు. కంగారులో తడి మీదే ఒక్కొక్కటి లాగాను, సగం చిరిగాయి. కాగితాల కట్టని కాస్త ఆరనిచ్చి విడదీయాలి. ఫొటోలు దీనికి పూర్తిగా వ్యతిరేకం, అవి ఒకదానికొకటి అంటుకుని ఆరిపోతే మరి రావు, తడిగా ఉన్నప్పుడే మంచినీళ్లలో ఉంచి మెల్లిగా విడదీయాలి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది కాబట్టి ఆ లోపే చూసుకోవాలి. ఈ టెన్షన్ మీకు వద్దనుకుంటే ఈ నెలలోనే అన్నిటినీ రెండువైపులా 600 డీపీఐలో స్కాన్ చేయించి, ఒక కాపీ ఊరికి దూరంగా ఉన్న చుట్టాల దగ్గర ఉంచండి. ఖాళీగా ఉన్న వెనకవైపు కూడా స్కాన్ చెయ్యాలి. స్కాన్ పనికి అబ్బాయిని పెట్టండి, వాడి ఉత్సాహానికి సరిపడా పని అది.

చేత్తో రాయాల్సింది కూడా ఒకటి ఉంది. మామూలు నోటుబుక్కులో ఒక్కో కాగితానికి ఒక నంబరు వేసి, అది పెట్టెలో ఎక్కడ, దేని పక్కన దొరికిందో, దాని మీద ఏముందో రాయండి. ఆ నంబరు కాగితం మీద వేయాలంటే మెత్తటి పెన్సిలుతో, మూలన, తేలిగ్గా వేయండి. పెన్ను, స్టిక్కరు వద్దు.

మీవారు ఇచ్చేయమంటున్నారని రాశారు. 30 వేలు చిన్న మొత్తం కాదు, ఇంటి అవసరాలు నాకు తెలియవు, కాబట్టి అమ్మడం తప్పని అనను. అమ్మాల్సి వస్తే మొత్తం కలిపే ఇవ్వండి, స్కాన్లు, నోటుబుక్కు మీ దగ్గర ఉంచుకోండి. ఒక చట్టం సంగతి తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులని, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులని ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపకూడదు. విదేశాల నుంచి ఎవరైనా పెద్ద ధర చెప్పి పార్సిలు చెయ్యమంటే ఒప్పుకోకండి. అమ్మకుండా ఈ ఊళ్లోనే ఉండిపోయేలా చెయ్యాలనుకుంటే బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది, ఆంధ్రా యూనివర్సిటీలో వి.ఎస్.కృష్ణా లైబ్రరీ ఉంది, పాత వారసత్వాన్ని కాపాడే సంస్థ ఇన్‌టాక్ వాళ్ల విశాఖ శాఖ ఉంది. ఎవరికిచ్చినా నోటిమాటగా ఇవ్వకండి. వస్తువుల జాబితా, కలిపే ఉంచుతామన్న మాట, మీ తాతగారి పేరు, సంతకాలతో కాగితం రాయించుకోండి. నా మనసు అడిగితే, మీరు బతికి ఉన్నంతకాలం మీ ఇంట్లోనే ఉండనివ్వండి అంటాను.

ఇంకా పోగుచెయ్యాలన్న కోరిక బాగుంది. బొమ్మ కార్డుల వేలంపాటల్లోకి దిగకండి, ఆ డబ్బు మనం తట్టుకోలేం. మీ పెట్టె మీకో దారి చూపించింది, విడిదికి వచ్చినవాళ్ల వైపు నుంచి కాక ఊరివాళ్ల వైపు నుంచి సేకరించండి. మహారాణిపేట, సోల్జరుపేట, కోటవీధి, పెదవాల్తేరు పాత ఇళ్లలో ఇలాంటి పెట్టెలు ఇంకా ఉన్నాయి. ఇల్లు అపార్టుమెంటుకి ఇస్తున్నారని తెలిస్తే కూల్చేముందు వెళ్లి అడగండి. “పాత కాగితాలు ఉన్నాయా?” అంటే లేవంటారు. “పాత పద్దుల పుస్తకాలు, శుభలేఖలు, సినిమా కరపత్రాలు, రేషను కార్డులు, క్లబ్బు చీటీలు పారేస్తున్నారా?” అని పేరుపేరునా అడగాలి. పాతపేపర్లు కొనే కొట్టువాళ్లతో మాట్లాడి పెట్టుకోండి, చేతిరాత పుస్తకం ఏదైనా వస్తే తూకం కంటే కాస్త ఎక్కువిస్తానని చెప్పండి. కలకత్తా, చెన్నై వెళ్లినప్పుడు పాతపుస్తకాల కొట్లలో ‘వాల్తేరు’ అని అడగండి. బెంగాలీలో రాసిన కార్డు దొరికితే చదవలేమని వదిలేయకండి, మన ఊళ్లో బెంగాలీ కుటుంబాలు ఉన్నాయి, చదివిపెడతారు.

ఇవాళ్టివి కూడా దాచండి. అరకు రైలు టికెట్టు, కుర్సురా సబ్‌మెరైన్ చూసిన టికెట్టు, కైలాసగిరి రోప్‌వే చీటీ. వీటిలో చాలావరకు ఇప్పుడు వేడితో అచ్చయ్యే మెషీను కాగితం మీద వస్తున్నాయి, రెండు మూడేళ్లకే అక్షరాలు మాయమవుతాయి. కొన్నరోజే స్కాన్ తియ్యండి. పాత అట్ట రైలు టికెట్టు ఎనభై ఏళ్లయినా చదువుకోవచ్చు, నిన్నటి బస్సు టికెట్టు ఎల్లుండికి తెల్లబోతుంది.

ఇవన్నీ నెమ్మదిగా చేసుకోవచ్చు, ఒక్కటి తప్ప. మేనత్తగారికి తొంభై ఏళ్లన్నారు. 1942లో ఆవిడకి ఆరేడేళ్లు ఉండి ఉంటాయి, ఊరు ఖాళీ అయిన రోజులు గుర్తుండే వయసే. ఈ ఆదివారమే భీమిలి వెళ్లండి. అసలు కాగితాలు తీసుకెళ్లకండి, పెద్దగా అచ్చుతీసిన ఫొటోలు తీసుకెళ్లండి, ఆవిడకి చదవడానికి వీలుగా ఉంటుంది. ఫోనులో రికార్డింగు పెట్టి పక్కన ఉంచండి. చరిత్ర చెప్పమని అడిగితే ఏం చెప్పాలో తెలియక ఆగిపోతారు. ఐసు ఎక్కడినుంచి తెచ్చేవారు, చాకలి ఏ రోజు వచ్చేవాడు, తాతగారు ఇంటికి మిగిలిన కేకు తెచ్చేవారా అని అడగండి. 4వ గది కిటికీ సముద్రం వైపు ఉండేదా, కొండ వైపు ఉండేదా అని కూడా అడగండి. వచ్చాక నాకు రాయండి.